నూరో చావు

కుందనగిరి కోటలో ఏడు ప్రాకారాలు దాటి వెళితే మంత్రశాల వస్తుంది. నల్లగాజుతో పోతపోసిన నూట ఎనిమిది స్తంభాలు, స్తంభం స్తంభానికీ పచ్చలు తాపిన నెమళ్ళు, నేల మీద చందనపు పలకలు, పైకప్పు నుంచి వెండి గొలుసులతో వేలాడే దీపాలు. ఇంత సొగసైన కట్టడం యాభై ఆరు దేశాలలో మరొకటి లేదని వందిమాగధులు గొంతు చించుకుని పాడేవారు. లోపల జరిగే పని ఏమిటో మాత్రం వాళ్ళు పాడేవారు కాదు. అక్కడ రోజూ మనుషులను చంపేవారు.

చచ్చినవాళ్ళు మళ్ళీ లేచేవారు, అదీ విశేషం. మాంత్రికుడు కృకలాసుడు ఏడు రకాల వేళ్ళు నూరి తీసిన పసరు తాగించి రాతి అరుగుల మీద పడుకోబెడితే, తాగినవాళ్ళు ఒక మాయగుహలో కళ్ళు తెరిచేవారు. ఆ గుహలో నల్లశరభం ఉండేది. సింహపు ఒళ్ళు, ఏనుగు తొండమంత తోక, నుదుట ఒంటికొమ్ము, నోట నిప్పు. దానితో పోరాడి, దాని చేత చచ్చి, చచ్చిన మరుక్షణం అరుగు మీద వాంతి చేసుకుంటూ లేచి కూర్చునేవారు. ఒంటి మీద గీత కూడా ఉండేది కాదు. నొప్పి మాత్రం పూర్తిగా ఉండేది. అందులో మాంత్రికుడు ఏమీ తగ్గించలేదు.

ఎందుకీ తిప్పలంటే, ఆ రాజ్యంలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. బిలగిరిలో ఉన్న అసలు నల్లశరభాన్ని చంపనిదే యువరాజుకు పట్టాభిషేకం లేదు. చంపడమంటే చివరి పోటు పొడవడం. అంతకు ముందు దాన్ని ఎవరు అలసట పెట్టారో, ఎవరి పేగులు నేలమీద పడ్డాయో ఎవరూ అడగరు. యువరాజు సురథవర్మ తెలివైనవాడు. చివరి పోటు తనకు అట్టిపెట్టుకుని, మిగిలిన పోట్లన్నిటికీ మరువాడ కొండపల్లె నుంచి ముగ్గురిని వెట్టికి పట్టుకొచ్చాడు.

ఆ ముగ్గురిలో కొమ్మన డాలు పట్టేవాడు. రేచన విలుకాడు. కొమ్మన అక్క మాచమ్మకు మొగుడు, నవ్వులమారి, చేతికి తొందర ఎక్కువ. మూడో మనిషి నాగసాని అనే ముసలవ్వ. ఎంత లోతు గాయమైనా ఆమె ఆకు నమిలి పెడితే నెత్తురు కట్టేది. శరభం చచ్చిననాడు ముగ్గురికీ వెట్టి నుంచి విడుదల అని యువరాజు మాట ఇచ్చాడు. ఊరు విడిచేటప్పుడు మాచమ్మ ఏడవలేదు. "మీ బావను నీ చేతిలో పెడతాండా. మళ్ళా తెచ్చి నా చేతిలో పెట్టు" అని తమ్ముడితో అంది. కొమ్మనకు వీరుడనే పేరూ, ఎవరి పట్టాభిషేకమూ అక్కర్లేదు. అక్క అన్న ఆ ఒక్క మాట పట్టుకుని అతను తొంభైతొమ్మిదిసార్లు చచ్చాడు.

ఊరికే చావలేదు. శరభం కుడిపంజా విసిరే ముందు దాని ఎడమ భుజం కాస్త వంగుతుంది. ఈ సంగతి పట్టుకోవడానికి పదకొండు చావులు పట్టాయి. పంజా తర్వాత తోక. తోక లేచినప్పుడు ప్రాణభయంతో వెనక్కి గెంతినవాడు చస్తాడు, దాని పొట్ట కిందికి దూకినవాడు బతుకుతాడు. దీనికి పద్దెనిమిది. ఆ తర్వాత కొమ్ము. డాలును నిటారుగా పెడితే చెయ్యి విరుగుతుంది, ఏటవాలుగా పెడితే కొమ్ము జారిపోతుంది. అటుపైన నిప్పు. నిప్పు కక్కే ముందు దాని గొంతులో గులకరాళ్ళు దొర్లిన చప్పుడవుతుంది. అది విన్నాక మూడు అడుగులు వేసే వ్యవధి ఉంటుంది, నాలుగో అడుగుకు ఉండదు. నిప్పు అయిపోయాక అది వెనక కాళ్ళ మీద లేస్తుంది. అప్పుడు గొంతు కింద అరచేతి మందాన తెల్లని మెత్తని చోటు కనబడుతుంది. మూడుసార్లు ఊపిరి పీల్చేలోగా అక్కడ పొడవాలి. ఇంతా నేర్చుకున్నాక తెలిసింది, నెత్తురు సగం పోయేసరికి దాని కళ్ళు పచ్చగా మారతాయని, అక్కడి నుంచి దెబ్బల వరస తిరగబడి నిప్పుతో మొదలై పంజాతో ముగుస్తుందని, అంతకు ముందు తెల్లని చోట పొడిచిన పోటుకు అది చావదని. ఆ వరస అంతుపట్టక ఆఖరి ఇరవై చావులూ చచ్చారు.

కొమ్మన అసలు పని కొట్టడం కాదు, దాని కోపం మోయడం. గుహలోకి పోగానే కొడవలి వీపుతో ఇనపడాలును కీచుమని గీరేవాడు. ఆ చప్పుడంటే శరభానికి ఒళ్ళుమంట. అది అతని మీద పడి చీరుతున్నంతసేపూ రేచన పక్క నుంచి బాణాలు వేయాలి. కోపం డాలు మీద కుదురుకోకముందే బాణం తగిలిందో, అది విలుకాడి వైపు తిరుగుతుంది. రేచన తొందరపడి ఇలా ఎన్నిసార్లు అందరినీ చంపించాడో! లేచి మూతి తుడుచుకుంటూ "ఈ తడవ నా తప్పు కాదురా కొమ్మా, బాణమే తొందరపడింది" అనేవాడు. తిట్టాలనుకున్న కొమ్మనకు నవ్వొచ్చేది.

వాళ్ళకు ఇంకొక అలవాటు కూడా అబ్బింది. ఎవరికైనా కాలో చెయ్యో విరిగితే ఇక ఆ ఆట గెలిచేది కాదు. పోరాడుతూ పోతే చావు ఆలస్యమవుతుంది, నొప్పి పెరుగుతుంది. అందుకని ముగ్గురూ ఆయుధాలు కింద పెట్టి కళ్ళు మూసుకుని కూర్చునేవారు. కూర్చున్నవాణ్ణి శరభం ఒక్క దెబ్బతో ముగిస్తుంది, లేచి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఈ ఉపాయం కనిపెట్టింది కొమ్మనే. ఆ రోజుల్లో తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

నూరో అభ్యాసం నాడు యువరాజు స్వయంగా మంత్రశాలకు వచ్చాడు. జరీ ఉత్తరీయం, చెవులకు వజ్రాలు, ముఖాన ఎంతో దయ. "నిన్న గెలిచినంత పని చేశారు. ఇంకొక్కసారి అభ్యాసం చేయండి. ఎల్లుండి బిలగిరికి ప్రయాణం" అన్నాడు. కృకలాసుడు గిన్నెలు అందించాడు.

రేచన ఒక గుక్క తాగి, "ఈ పొద్దు తియ్యగా ఉందే స్వామీ, బెల్లమేసినారా?" అని అడిగాడు.

మాంత్రికుడు నవ్వాడు. అతను నవ్వడం అంతకు ముందు ఎవరూ చూసి ఎరగరు కాబట్టి, ఆ నవ్వు ఎలాంటిదో ఎవరికీ తెలియలేదు.

కళ్ళు తెరిచేసరికి గుహ. ఎప్పటిలాగే పైన కొండ చీలిక లోంచి ఎండ పడుతోంది. గోడల నిండా ఎర్రరాళ్ళు నిప్పుకణికల్లా మెరుస్తున్నాయి. తేనెరంగు స్ఫటికాలు పైనుంచి గుత్తులు గుత్తులుగా దిగి ఉన్నాయి. ఒంటి మీద కవచాలు, పక్కన ఆయుధాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఒక్కటే తేడా, మేకపోతుల దొడ్డిలోలా కంపు. మాయగుహలో ఏనాడూ వాసనన్నది లేదు. కొమ్మన ముక్కు చిట్లించి, 'మాంత్రికుడు మాయకు మెరుగు పెట్టినట్టున్నాడు' అనుకుని ఊరుకున్నాడు. ఎంత తెలివితక్కువ ఊరుకోవడమో! తర్వాత బతికినన్నాళ్ళూ అతను తన్ను తాను తిట్టుకున్నది దీనికే.

చీకటి మూల నుంచి శరభం లేచింది. కొమ్మన డాలు గీరాడు. అది గర్జించి దూకింది. ఎడమ భుజం వంగింది, అతను కుడికి తప్పుకున్నాడు, పంజా బండను పెళ్ళగించింది. తోక లేచింది, పొట్ట కిందికి దూరి అవతల తేలాడు. ఇంకా కొమ్ము రావాలి, నిప్పు రావాలి, కోపం ఇంకా కుదురుకోవాలి. అంతలో బాణం ఒకటి రివ్వున వచ్చి శరభం చెవి వెనక దిగింది. వెంటనే రెండోది వచ్చి కంటి కొసను చీల్చింది.

"బావా, ఇప్పుడే కాదు!" అని కొమ్మన అరిచాడు.

శరభం గిర్రున తిరిగింది. తిరగడంలోనే తోక రేచన కాళ్ళకు తగిలింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. రేచన ఎగిరి బండ పక్కన పడ్డాడు. నాగసాని ఆకుల సంచి పట్టుకుని అతని వైపు రెండడుగులు వేసి, ఠక్కున ఆగిపోయి, మెడ మీద చరుచుకుంది. అరచేయి కళ్ళ ముందుకు తెచ్చుకుని చూసింది. దాని మీద చితికిన దోమ, చుక్క నెత్తురు.

"కొమ్మన్నా! ఈడ దోమలుండాయి రా!" అని ముసల్ది గుండెలు అవిసేలా అరిచింది. "వాని మాయలో దోమలు యాడివి? ఇది నిజం గుహ రా నాయనా!"

బెల్లం కలిపిన గిన్నెలు, మాంత్రికుడి నవ్వు, ఈ కంపు, కొమ్మనకు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. వాళ్ళకు పసరు బదులు నిద్రమందు పోసి, పల్లకీలలో బిలగిరికి మోసుకొచ్చి ఇక్కడ పారేశారు. అతను బావ వైపు చూశాడు.

రేచన అప్పటికే విల్లు పక్కన పెట్టేశాడు. విరిగిన కాలు చాపుకుని, బండకు వీపు ఆనించి, తీరిగ్గా కూర్చున్నాడు.

"పోయిందిరా ఈ ఆట. నాదే తప్పు, ఒప్పుకుంటాండాలే. కూర్చుందాం రా" అన్నాడు.

"లే బావా! మాయ కాదిది! నీకు దండం పెడతా, పక్కకు దొర్లు!"

"నన్ను బెదిరించి ఇంకో గడియ పోరాడించాలని చూస్తాండావా? కాలు శానా నొస్తాంది రా. తొందరగా కానీ" అని రేచన కళ్ళు మూసుకున్నాడు.

కొమ్మన పరుగెత్తాడు. పరుగెత్తుతూ డాలును గీరాడు, కొడవలి తిరగేసి మొనతో గీరాడు, గొంతు పగిలేలా బూతులు తిట్టాడు. శరభం తల కూడా తిప్పలేదు. దాని కోపమంతా కంటి కొసను చీల్చినవాడి మీదే ఉంది. దాని ఊపిరి ముఖానికి తగిలినప్పుడు రేచన ముక్కు చిట్లించి కళ్ళు తెరిచాడు. బావమరిది వైపు చూసి ఏదో అడగబోయాడు. ఒక్క దెబ్బతో శరభం ముగించింది. పూర్తిగా మూసుకోని ఆ కళ్ళను నాగసాని పాకుతూ వెళ్ళి తన చేత్తో మూసింది.

ఆ తర్వాత కొమ్మన పోరాడిన పోరాటం చూసి ఉంటే రాళ్ళు కూడా భయపడేవి. విలుకాడు లేడు, డాలూ కొడవలీ రెండూ తనవే. పంజాను తప్పించుకుని కాలి నరం కోశాడు. పొట్ట కిందికి దూకినప్పుడల్లా మూరెడు చీల్చి బయటికి వచ్చాడు. కొమ్మును డాలు మీద జారనిచ్చి చెంప చెక్కాడు. నాగసాని పరుగెత్తుకొచ్చి కాలిన భుజం మీద ఆకు అదిమి పోయేది, మళ్ళీ వచ్చేది. పైన ఎండ నడినెత్తికి వచ్చేసరికి శరభం ఒంట్లో నెత్తురు సగం నేలపాలైంది. దాని కళ్ళు పచ్చబడ్డాయి. వరస తిరగబడింది. నిప్పు, కొమ్ము, తోక, పంజా, నాలుగూ దాటాడు. అది వెనక కాళ్ళ మీద లేచింది. తెల్లని చోటు కనబడింది. కొమ్మన కొడవలి ఎత్తాడు.

గుహ ముఖం నుంచి బాణం వచ్చి అతని ముంజేతిలో దిగింది. కొడవలి జారి పడింది.

"నీచుడా, ఆగు! ఆ పోటు యువరాజులవారిది!"

అరిచింది కృకలాసుడు. అతని వెనక పదిమంది విలుకాళ్ళు, వాళ్ళ ముందు బంగారు కవచంలో సురథవర్మ. పొద్దుటి నుంచి వాళ్ళు అక్కడే ఉన్నారు. ఎండ తగలకుండా యువరాజుకు గొడుగు కూడా పట్టారు. సురథవర్మ బల్లెం సాచి ఆర్భాటంగా పరుగెత్తుకొచ్చాడు. ఈ తొంభైతొమ్మిది పోరాటాలనూ అతను మాంత్రికుడి అద్దంలో పాలు తాగుతూ చూశాడు, కాబట్టి అన్నీ తెలుసనుకున్నాడు. ఒక్కసారి కూడా చావనివాడికి ఏం తెలుస్తుంది? మూడు ఊపిరుల వ్యవధి ఎప్పుడో దాటిపోయింది. శరభం ముందుకాళ్ళు నేలకు దిగాయి, బల్లెం దవడ ఎముకకు తగిలి జారింది. ఆ జంతువు పచ్చని కళ్ళతో కొత్తమనిషిని చూసింది. దాని కోపం మొత్తం ఆ బంగారు కవచం మీదికి మళ్ళింది.

దాని గొంతులో గులకరాళ్ళు దొర్లాయి. సురథవర్మ పాతేసిన గుంజలా నిలబడిపోయాడు.

కొమ్మన ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే కదిలేవాడు కాదు. కానీ తొంభైతొమ్మిది చావులు నేర్పిన కాళ్ళు అవి. గులకరాళ్ళ చప్పుడు వినగానే మూడు అడుగులు వేశాయి, కోపం ఎవరి మీద ఉందో వాడి ముందుకు. తొంభైతొమ్మిది చావులు నేర్పిన చెయ్యి డాలును ఏటవాలుగా పైకెత్తింది. నిప్పు డాలు మీద నుంచి పాయలుగా విడిపోయింది. వెనక యువరాజు అతని నడుం పట్టుకుని నక్కాడు. కొమ్ము వచ్చింది, జారిపోయింది. తోక వచ్చింది, యువరాజును జబ్బ పట్టుకుని పొట్ట కిందికి లాగాడు. పంజా వచ్చింది, తప్పించాడు. తను ఎవరిని కాపాడుతున్నాడో కొమ్మనకు తెలిసేసరికి శరభం మళ్ళీ వెనక కాళ్ళ మీద లేచి నిలబడి ఉంది.

"ఇప్పుడు" అన్నాడు అతని నోరు, అలవాటు కొద్దీ.

సురథవర్మ పొడిచాడు. బల్లెం తెల్లని చోట పిడి దాకా దిగింది. శరభం కొండచరియలా కూలిపోయింది. బయట శంఖాలు మోగాయి, విలుకాళ్ళు జయజయధ్వానాలు చేశారు. కృకలాసుడు పువ్వులు కూడా తెచ్చాడు. కొమ్మన డాలు పట్టిన తన ఎడమచేతి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. నరికి పారేయాలన్నంత అసహ్యం వేసింది ఆ చేతి మీద.

"నిజమని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు దొరా?" అని అడిగాడు.

యువరాజు చెమట తుడుచుకున్నాడు. ఊపిరి అందగానే దయ కూడా తిరిగి వచ్చింది. "చెబితే చేతులు వణికేవి కావా? మీరు అంత బాగా పోరాడింది చావు భయం లేక. ఆ ధైర్యాన్ని చెడగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మీ మేలుకోరే చేశాను."

"మా బావ కూర్చున్నాడు దొరా. మళ్ళా లేస్తాననుకొని కూర్చున్నాడు."

"చూశాను. పాపం" అన్నాడు సురథవర్మ. "మాట తప్పేవాణ్ణి కాను. రేచనకు ఈ క్షణమే వెట్టి నుంచి విడుదల ఇస్తున్నాను. నీ సంగతి వేరు. ఉత్తరాన జలగిరి మడుగులో రెండుతలల సర్పం ఉంది, దాన్ని చంపితే ఆ రాజ్యం నాదవుతుంది. నీలాంటి డాలును చేతులారా ఎవరు వదులుకుంటారు? రేపటి నుంచి అభ్యాసం."

కృకలాసుడు గిన్నె పట్టుకుని ముందుకు వచ్చాడు. "తాగు, చేతినొప్పి పోతుంది."

కొమ్మన వంగి కొడవలి తీసుకున్నాడు. విలుకాళ్ళు విల్లులు ఎత్తేలోగా చచ్చిన శరభం గొంతు కింది నిప్పుసంచిని అడ్డంగా కోశాడు. లోపల మిగిలిన నిప్పంతా భగ్గున బయటికి తన్నుకొచ్చింది. వెనకే నల్లని పొగ గుహ నిండా కమ్మేసింది. మాంత్రికుడి గడ్డం అంటుకుంది. "వాణ్ణి ప్రాణాలతో పట్టుకోండి!" అని దగ్గుతూ అరుస్తున్నాడు యువరాజు. ఆ గందరగోళంలో కొమ్మన బావను భుజం మీదికి ఎత్తుకున్నాడు. నాగసాని అతని మొలకట్టు పట్టుకుని వెనక గోడ వైపు లాగింది.

"ఈ పక్కన సొరంగముందంటారు, మన మరువాడ లోయలో తేలుతాదంట. ఎవరూ పోయి చూసింది లేదు. నడువు" అంది.

సొరంగం ఒక మనిషి వంగి నడిచేంత ఎత్తే ఉంది. మోకాళ్ళ దాకా చల్లని నీళ్ళు. కొమ్మన ఒక చేత్తో గోడ తడుముకుంటూ, ఇంకో చేత్తో రేచనను పట్టుకుని నడిచాడు.

"మీ అక్క అడుగుతాది. ఏం చెప్తావు?" అంది నాగసాని.

"శరభం చంపిందని చెప్తా. మోసం చేసి తోలినారని చెప్తా. కూర్చోడం నేర్పింది నేనేనని అదీ చెప్తా."

"మరి ఆ యువరాజును ఎవరు బతికించినారని అడిగితే?"

కొమ్మన ఆగిపోయాడు. వెనక, సొరంగం మొదట్లో, కాగడాలు ఒకటీ రెండూ నీళ్ళలోకి దిగుతున్నాయి. అతను బావ బరువును ఈ భుజం మీద నుంచి ఆ భుజం మీదికి మార్చుకుని నడవసాగాడు.